‘మీకేమీ లేదు’ అన్న మాటకు వెనుక ఉన్న చరిత్ర

పరీక్షల కాగితాలన్నీ ‘నార్మల్’ అంటాయి. కడుపు మాత్రం ఆ మాట వినదు. మెలిపెట్టే నొప్పి, కొన్నాళ్లు విరేచనాలు, మరికొన్నాళ్లు మలబద్ధకం. చివరకు వైద్యుడు ‘ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్’ (ఐ.బి.ఎస్.) అని రాసినప్పుడు, ‘అంటే నాది జబ్బే కాదంటున్నారా?’ అన్న అనుమానం మీకు కలిగి ఉండవచ్చు. దానికి సమాధానం ఈ వ్యాధి చరిత్రలో ఉంది.

1849లో కమ్మింగ్ అనే వైద్యుడు, ఒకే వ్యక్తికి ఒకప్పుడు మలబద్ధకం, మరొకప్పుడు విరేచనాలు కలగడాన్ని వర్ణించి, దానికి కారణం చెప్పలేనని నిజాయితీగా ఒప్పుకున్నాడు. 1892లో విలియం ఆస్లర్ తన సుప్రసిద్ధ వైద్య గ్రంథంలో, మలంలో జిగట పడే ఇటువంటి స్థితిని ‘మ్యూకస్ కొలైటిస్’ అన్నాడు. కొలైటిస్ అంటే పెద్దపేగు వాపు. ఈ రోగుల పేగుల్లో ఆ వాపు కనిపించకపోవడంతో ఆ పేరు నిలవలేదు. కంటికి కనిపించే లోపం లేదు గనుక నేరమంతా రోగి మనసు మీద పడింది.

1962లో ఆక్స్‌ఫర్డ్‌లో చౌదరి, ట్రూలవ్ అనే వైద్యులు 130 మంది రోగులను పరిశీలించారు. వారిలో దాదాపు నాలుగో వంతు మందికి ఈ బాధ జిగట విరేచనాల తరువాతే మొదలైంది. 2000లో కెనడాలోని వాకర్టన్ పట్టణంలో తాగునీరు కలుషితమై వేలమంది జబ్బుపడ్డారు. ఆ ఇన్‌ఫెక్షన్ తగ్గిపోయినా, చాలామందిలో ఐ.బి.ఎస్. లక్షణాలు ఏళ్ల తరబడి మిగిలాయి. ఊరి నీటితో మొదలైన బాధను ఊహ అనగలమా?

అసలు మలుపు 1978లో వచ్చింది. బ్రిస్టల్‌లో మ్యానింగ్, ఆయన సహచరులు రోగుల మాటల్లోనే రోగనిర్ణయానికి ఆధారాలు వెదికారు. మలవిసర్జనతో నొప్పి తగ్గడం, నొప్పి మొదలైనప్పుడు విరేచనం పలుచబడడం వంటి గుర్తులను నిర్ధారించారు. తరువాత వచ్చిన ‘రోమ్ ప్రమాణాలు’ ఈ బాటలోనివే. 2016 నాటి ప్రమాణాలు ఇటువంటి వ్యాధులను పేగుకు, మెదడుకు మధ్య పరస్పర సంబంధంలో ఏర్పడే లోపాలుగా పేర్కొన్నాయి. పేగులోని నరాలు మామూలు కదలికను కూడా నొప్పిగా గ్రహించడం అందులో ఒక భాగం.

ఇక నా సంగతి చెప్పాలి. మన ప్రాంతంలో ఒకప్పుడు ఇటువంటి వారిలో ఎందరికో ‘దీర్ఘకాలిక అమీబియాసిస్’ అని ముద్ర వేసి, మెట్రోనిడజోల్ మాత్రలు మళ్లీ మళ్లీ ఇచ్చేవాళ్లం. నేనూ ఇచ్చాను. తగ్గకపోతే ‘మీకేమీ లేదు, దిగులు మానండి’ అన్నాను. నాకు కనిపించనిది వారికి లేదనుకోవడం నా పొరపాటు.

అందుచేత, పాఠకులారా, ఈ పేరును కొట్టిపారేసిన మాటగా తీసుకోకండి. ఇది ప్రాణం తీసే వ్యాధి కాదు, క్యాన్సర్‌గా మారదు. పూర్తిగా పోకపోయినా, పడని ఆహారాన్ని గుర్తించడం, వేళకు తినడం, నిద్ర, అవసరమైన మందులతో అదుపులో ఉంటుంది. అయితే మలంలో రక్తం పడినా, బరువు తగ్గినా, రక్తహీనత కనిపించినా, యాభై ఏళ్లు దాటాక కొత్తగా లక్షణాలు మొదలైనా మళ్లీ పరీక్షలు తప్పనిసరి.

మీ బాధ నిజమని ఒప్పుకోవడానికి వైద్యశాస్త్రానికి వందేళ్లకు పైగా పట్టింది. ఆ మాట నమ్మడానికి మీరు అంతకాలం తీసుకోవద్దు.