ముద్దపూల పుట్టుక: జన్యువు చెడిందా, హద్దు జరిగిందా?

ముద్దపూలు ఎలా పుడతాయని అడిగితే మన వృక్షశాస్త్ర తరగతుల్లో వచ్చే జవాబు ఒక్కటే. కేసరాలనూ ఫలదళాలనూ నిర్ణయించే సి-తరగతి జన్యువు చెడింది, కేసరాలు రేకులయ్యాయి. పాఠ్యపుస్తకాలు దీన్నే చెబుతున్నాయి, ఉద్యానశాస్త్ర సమీక్షలు దీన్నే తిరగరాస్తున్నాయి. కడియం, కడియపులంక నర్సరీల్లో పెరిగే ముద్దమందారాన్ని విప్పి చూసినవారికి మాత్రం ఈ జవాబు మింగుడుపడదు. ఈ వ్యాసానికి మూలం ఆ పేచీయే.

ఎన్రికో కోయెన్, ఇలియట్ మేయరోవిట్జ్ 1991లో 'నేచర్' పత్రికలో పూల అవయవాలను మూడు తరగతుల జన్యువులు నిర్ణయిస్తాయనే ఏబీసీ నమూనాను ప్రతిపాదించారు. అంతకు ముందటి ఏడాదే అరబిడాప్సిస్ మొక్క నుంచి అగామస్ అనే సి-తరగతి జన్యువును వేరుచేశారు. పుష్ప వికాస అధ్యయనానికి ఆ నమూనా ఇచ్చిన ఊపును ఎవరూ కాదనలేరు. నా అభ్యంతరం దాన్ని తోటపూలకు యథాతథంగా తగిలించడం మీద. అగామస్ పూర్తిగా పోయిన అరబిడాప్సిస్‌లో కేసరాలు రేకులవడమే కాదు, ఫలదళాల చోట మరో పువ్వు మొదలవుతుంది. ఆ పువ్వులో ఇంకో పువ్వు. పుప్పొడి ఉండదు, గింజ కట్టదు. ముద్దపూలన్నీ ఇలాంటివే అయితే ఈ గుర్తులన్నీ వాటిలో కనిపించాలి కదా?

ముద్దమందారాన్ని వెలుపలి నుంచి ఒక్కో రేకూ తీస్తూ వెళ్దాం. మొదటి ఐదు రేకులూ రేకమందారంలో ఉన్నట్టే ఉంటాయి. ఆ లోపలివి కురచగా, మెలితిరిగి, అంచులు చెదిరి ఉంటాయి. వాటిలో ఒకదాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే అంచున పసుపుపచ్చని పరాగకోశం అతుక్కుని కనిపిస్తుంది. సగం రేకు, సగం కేసరం! ఇంకా లోపలికి వెళితే చాలా రకాల్లో పొట్టిదైనా కేసరనాళం ఉంటుంది, దాని మీద నిఖార్సయిన కేసరాలు కొన్ని ఉంటాయి. కొసన మఖమల్ లాంటి కీలాగ్రాలు ఐదూ పదిలంగా ఉంటాయి. సి-తరగతి పని నిజంగా ఆగిపోతే ఈ కీలాగ్రాలు ఎక్కడివి? చేను అదే, గట్టు జరిగింది. సి-తరగతి పని నడుస్తూనే ఉంది, కాకపోతే నడిమికి కుదించుకుపోయింది. రేకుకూ కేసరానికీ మధ్య హద్దు లోపలికి జరిగింది.

గులాబీ మీద జరిగిన పని ఈ మాటకు గట్టి ఆధారం. 2010లో ఫ్రాన్స్ పరిశోధకుల బృందం రేక గులాబీలనూ ముద్ద గులాబీలనూ పక్కపక్కన పెట్టి చూసింది. ముద్దరకాల్లో అగామస్‌కు సాటి జన్యువు పనిచేస్తూనే ఉందని, దాని పరిధి మాత్రం మొగ్గ కేంద్రం వైపు తగ్గిందని తేల్చింది. 2018లో గులాబీ జీనోము వెలువడ్డాక అసలు మెలిక బయటపడింది. అగామస్‌ను అణచే ఏపీ2 కుటుంబ జన్యువు ఒకదానిలో ట్రాన్స్‌పోజాన్ అనే గెంతే డీఎన్‌ఏ ముక్క వచ్చి పడింది. దాంతో ఆ జన్యువును అదుపుచేసే మైక్రో ఆర్‌ఎన్‌ఏ 172 అతుక్కునే చోటు ఊడిపోయింది. పగ్గం తెగిన ఆ జన్యువు అగామస్‌ను లోపలికి నెడుతోంది. పీచ్, పెటూనియా, కార్నేషన్లలోనూ ముద్దతనానికి కారణం మైక్రో ఆర్‌ఎన్‌ఏ 172 పట్టు తప్పించుకున్న ఇలాంటి జన్యురూపాలే.

గులాబీలో ముద్దతనం బహిర్గత లక్షణం కావడానికి కారణం ఇక్కడే ఉంది. ఒక జన్యువు చెడిపోవడం వల్ల వచ్చే లక్షణం సాధారణంగా అంతర్గతంగా ఉంటుంది. పగ్గం తెగిన జన్యువుకు ఒక్క ప్రతి చాలు. 2015లో చైనా పరిశోధకులు ఇంకో సంగతి చూపారు. చలి తగిలిన గులాబీలో అగామస్ సాటి జన్యువు మీద డీఎన్‌ఏ మిథైలేషన్ పెరుగుతుంది, జన్యువు జోరు తగ్గుతుంది, రేకులు పెరుగుతాయి. చెడిన జన్యువు చలికీ ఎండకూ ఇలా స్పందించదు. జరగగల హద్దే స్పందిస్తుంది.

ముద్దబంతి కథ వేరే అయినా అదీ నా వాదం వైపే మొగ్గుతుంది. బంతిది శీర్షవద్విన్యాసం. అక్కడ ముద్దతనమంటే నడిమి చక్రపుష్పకాలు అంచు కిరణపుష్పకాల రూపు దాల్చడం. దాని దగ్గరి చుట్టం పొద్దుతిరుగుడులో ఈ మార్పుకు మూలం సైక్లాయిడియా కుటుంబ జన్యువని 2012లో తేలింది. అంచు పుష్పకాల్లో పనిచేయాల్సిన జన్యువు శీర్షం నిండా పనిచేయడమే అక్కడ జరిగింది. జన్యువులు వేరు, అవయవాలు వేరు, సూత్రం ఒకటే: హద్దు జరిగింది. బంతిలోనూ ఇదే జరిగి ఉండాలి.

థాలిక్ట్రమ్ అనే తోటమొక్క ముద్దరకంలో అగామస్ సాటి జన్యువే ట్రాన్స్‌పోజాన్ వల్ల విరిగిన మాట నిజమే గాని, ఒక మొక్క సంగతిని తోటలన్నిటికీ సూత్రం చేయలేం.

వందల ఏళ్లుగా తోటమాలులు ప్రధానంగా ఏరుకున్నది చెడిన జన్యువులను కాదు, జరిగిన హద్దులను. పూర్తిగా గొడ్డుపోయిన పువ్వును అంటు కట్టి నిలుపుకోగలరే తప్ప దాని నుంచి గింజ ద్వారా కొత్త రకం తీయలేరు. అండకోశం మిగిలిన పువ్వే సంకరణకు పనికొస్తుంది, వంశం నిలుపుతుంది. కాబట్టి మన అలంకరణ మొక్కల ప్రజననం ఇకనైనా అగామస్‌లో లోపాలు వెతకడం మాని, దాన్ని అదుపుచేసే జన్యువుల మీద దృష్టి పెట్టాలి. ముద్దమందారం, ముద్ద నందివర్ధనం, ముద్ద శంఖపుష్పం మన పెరళ్లలోనే ఉన్నాయి. వాటిలో ఏపీ2, సైక్లాయిడియా కుటుంబాల జన్యుక్రమాలను రేకరకాలతో పోల్చి చదవడమే ముందుగా జరగాల్సిన పని.