పార్శ్వపు నొప్పి - ఆమ్లగ్రాహక అయాన్ ఛానళ్లు: చారిత్రక పరిశీలన

పార్శ్వపు నొప్పికి మూలం రక్తనాళాల్లోనే ఉందన్న భావన 20వ శతాబ్దంలో చాలాకాలం ప్రబలంగా ఉండేది. ఎర్గోటమిన్‌పై గ్రాహం, వుల్ఫ్ 1938లో ప్రచురించిన పరిశోధన దానికి బలం చేకూర్చింది. 1944లో లియావో కుందేలు మెదడుపై మరొక దృశ్యాన్ని గుర్తించాడు. నాడీకణాల విద్యుత్ చలనం అణగిపోతూ, ఆ స్థితి అలలా మెల్లగా వ్యాపించింది. పార్శ్వపు నొప్పికి ముందు కొందరి చూపులో కనిపించే మెరుపులకు ఇదే కారణమని తర్వాతి పరిశోధకులు భావించారు. అయితే ఆ అల నొప్పిగా ఎలా పరిణమిస్తుందన్న ప్రశ్న మిగిలింది.

ఒక ఆధారం వేరే దిశ నుండి లభించింది. జ్ఞాననాడీ కణాలు ఆమ్లానికి స్పందించి విద్యుత్ ప్రవాహాన్ని కలిగిస్తాయని 1980లో కీవ్‌లో క్రిష్టల్, పిడోప్లిచ్కో నిరూపించారు. 1997లో ఫ్రాన్స్‌లో లాజ్‌డన్‌స్కీ బృందం ఆమ్లాన్ని పసిగట్టే అటువంటి అయాన్ ఛానల్ జన్యువును గుర్తించింది. మెదడును కప్పి ఉంచే డ్యూరా పొర నాడుల్లోనూ ఈ ఛానళ్లు ఉన్నాయని 2011లో ఎలుకలపై జరిగిన పరిశోధన తెలిపింది. లియావో గుర్తించిన అల సాగిన చోట కణజాలంలో ఆమ్లత పెరుగుతుంది కనుక రెండు పాయలు ఇక్కడ కలిశాయి.

అమిలోరైడ్ రక్తపోటు చికిత్సలో వాడే పాత మూత్రకారక ఔషధం. ఈ ఛానళ్లనూ అది నిరోధిస్తుంది. ఇతర మందులకు లొంగని ఏడుగురు రోగులకు దానిని ఇవ్వగా నలుగురికి ఉపశమనం కలిగిందని 2012లో వెల్లడైంది. ఆ ఔషధం ఇతర ఛానళ్లపైనా పనిచేస్తుంది. పైగా ఏడుగురి అనుభవం నిరూపణ కాజాలదు. అయినా పైకి కనిపించని ఈ బాధను అపోహగా కొట్టివేయడానికి వీలులేదని ఈ పరిశోధనా క్రమం స్పష్టం చేస్తున్నది.