ప్రథమ చికిత్స పెట్టె: పుట్టుపూర్వోత్తరాలు

దెబ్బ తగిలిన క్షణానికీ డాక్టరు చెయ్యి పడే క్షణానికీ నడుమ కొంత వ్యవధి ఉంటుంది. ప్రథమ చికిత్స పెట్టె ఆ వ్యవధి కోసం పుట్టింది. గాయాలకు కట్లు కట్టడం చాలా పాత విద్య. సుశ్రుత సంహిత పద్నాలుగు రకాల కట్లను వివరించింది. పుత్తూరు దగ్గర వెదురు బద్దలతో ఎముకలు కట్టే పద్ధతి ఈనాటికీ నడుస్తోంది. అయితే ఇవన్నీ వైద్యుడి చేతిలోనో, ఆ విద్య తెలిసిన కుటుంబాల చేతిలోనో ఉన్నవి. వైద్యం రాని మామూలు మనిషికి నాలుగు పనులు నేర్పి, వాటికి కావలసిన సామగ్రిని ముందుగానే ఒకచోట సర్ది ఉంచాలన్న ఆలోచన వయసు నూట యాభై ఏళ్లకు కాస్త ఎక్కువ, అంతే.

ఆ ఆలోచనకు మొదటి పాఠశాల యుద్ధరంగం. 1790ల్లో ఫ్రెంచి సైన్యపు శస్త్రవైద్యుడు డొమినిక్ లారే, పోరు ముగిసేదాకా ఆగకుండా క్షతగాత్రులను తేలికపాటి గుర్రపు బళ్లలో వెంటనే తరలించే ఏర్పాటు చేశాడు. 1859 జూన్ 24న ఉత్తర ఇటలీలో జరిగిన సాల్ఫరీనో యుద్ధంలో వేలాది మంది గాయపడి దిక్కులేకుండా పడి ఉంటే, పని మీద అటు వచ్చిన స్విస్ వ్యాపారి హెన్రీ డ్యూనాంట్ పక్కనున్న కాస్తిల్యోనె పట్టణపు ఆడవాళ్లను కూడగట్టి నీళ్లు పట్టించాడు, గాయాలు కడిగించాడు, కట్లు కట్టించాడు. వాళ్లలో వైద్యం చదివినవాళ్లు లేరు. ఆ అనుభవాన్ని అతను 1862లో పుస్తకంగా అచ్చు వేయించాడు. మరుసటి ఏడు రెడ్‌క్రాస్ మొదలైంది.

పెట్టెలో ఇప్పటికీ నిలిచి ఉన్న పాత వస్తువుల్లో ఒకటి ముక్కోణపు గుడ్డ. స్విట్జర్లాండులోని లొసాన్ నగర వైద్యుడు మతియాస్ మేయర్ 1830ల్లోనే మామూలు చేతిరుమాలుతో కట్టే కట్ల గురించి రాశాడు. దాన్ని సైనికుడి సంచిలోకి చేర్చినవాడు కీల్ నగరానికి చెందిన జర్మన్ సైనిక శస్త్రవైద్యుడు ఫ్రీడ్రిష్ ఎస్మార్క్. విరిగిన చెయ్యిని మెడకు వేలాడదీయడం, తలకు చుట్టడం, మోకాలికి బిగించడం, బద్దను కాలికి కట్టడం లాంటివన్నీ ఒకే గుడ్డతో చేయవచ్చని చూపించాడు. ఏ గాయానికి ఎలా మడవాలో బొమ్మలుగా ఆ గుడ్డ మీదే అచ్చు వేయించాడు. చదువు రాని సైనికుడు కూడా చూసి కట్టగలడు. పెట్టెలో వస్తువు ఉంటే చాలదు, దాన్ని వాడే తీరు కూడా పెట్టెలోనే ఉండాలన్న సూత్రం అక్కడ మొదలైంది. 1882లో ఎస్మార్క్ కీల్‌లో పౌరుల కోసం శిక్షణ తరగతులు తెరిచాడు. విక్టోరియా రాణి కూతురు హెలీనా ఆ పాఠాలను ఇంగ్లీషులోకి అనువదించింది.

ఇంగ్లండులో ఈ పని 1877లో సెయింట్ జాన్ ఆంబులెన్స్ సంఘంతో మొదలైంది. సైనిక వైద్యుడు పీటర్ షెపర్డ్, కల్నల్ ఫ్రాన్సిస్ డంకన్ కలిసి 1878లో వూలిచ్‌లో సాధారణ పౌరులకు తరగతులు పెట్టారు. షెపర్డ్ ఒక చేతిపుస్తకం రాశాడు. మరుసటి ఏడు జనవరిలో దక్షిణాఫ్రికాలోని ఇసాండ్ల్వానా యుద్ధంలో చనిపోయాడు. ఆ తరగతులు మాత్రం గనులకు, రైల్వేలకు, పోలీసు ఠాణాలకు పాకాయి. యంత్రాలు చేతులు నలిపేస్తున్న కాలంలో కార్మికుడి పక్కన నిలిచేది ఎప్పుడూ తోటి కార్మికుడే కాబట్టి వాటి అవసరం అక్కడే ఎక్కువగా కనిపించింది.

కట్టు కట్టడం తెలిసినా, కట్టిన గుడ్డే మనిషిని చంపే రోజులవి. పాత నారబట్టల పోగులు విడదీసి గాయంలో కుక్కేవారు. ఆ పోగుల్లోని మురికి గాయాన్ని కుళ్లబెట్టేది. 1865 ఆగస్టులో గ్లాస్గో ఆసుపత్రిలో జోసెఫ్ లిస్టర్, బండి చక్రం కింద పడి ఎముక చర్మం చీల్చుకుని బయటికి వచ్చిన పదకొండేళ్ల కుర్రవాడి కాలికి కార్బాలిక్ ఆమ్లంలో తడిపిన గుడ్డ కట్టాడు. కాలు తీసేయకుండానే కుర్రవాడు కోలుకున్నాడు. 1867లో లిస్టర్ తన పద్ధతిని ప్రకటించాడు. 1873లో జర్మనీలోని హైడెన్‌హైమ్‌లో పాల్ హార్ట్‌మన్ కర్మాగారం తడిని పీల్చే శుద్ధమైన దూదిని పెద్ద ఎత్తున తయారు చేయసాగింది. లిస్టర్ భావాలతో ప్రభావితుడైన అమెరికన్ రాబర్ట్ వుడ్ జాన్సన్, 1886లో తమ్ముళ్లతో కలిసి న్యూజెర్సీలోని న్యూ బ్రన్స్‌విక్‌లో శుద్ధి చేసిన కట్టుగుడ్డల కంపెనీ పెట్టాడు. 1888లో ఆ కంపెనీ రైలు మార్గాలు వేసే కూలీల కోసం, ప్రయాణికుల కోసం గాజుగుడ్డ, దూది, కట్లు, మందులు సర్దిన పెట్టెలు అమ్మకానికి తెచ్చింది. ఆసుపత్రికి వందల మైళ్ల దూరంలో పట్టాలు వేసేవాళ్లకు అవే దిక్కు. అమ్మకానికి వచ్చిన తొలి ప్రథమ చికిత్స పెట్టెలుగా చరిత్రలో వాటికి పేరు.

మొదటి ప్రపంచ యుద్ధం నాటికి బ్రిటిష్ సైనికుడి కోటు లోపలి జేబులో కట్టు పొట్లం ఉండేది. దూది పేలుడు పదార్థాలకు తరలిపోవడంతో కొరత వచ్చి, స్ఫాగ్నమ్ అనే బురదనేల నాచును ఎండబెట్టి సంచుల్లో కుట్టి గాయాల మీద వాడారు. అది తన బరువుకు ఇరవై రెట్ల దాకా తడిని పీలుస్తుంది.

ఇంతవరకూ పెట్టె పెద్ద గాయాల కోసమే. చిన్న గాయానికి అందులో చోటు దొరికింది ఒక వంటింట్లో. న్యూ బ్రన్స్‌విక్ కంపెనీలోనే దూది కొనుగోలు చూసే అర్ల్ డిక్సన్ భార్య జోసెఫీన్‌కు కూరలు తరిగేటప్పుడు తరచూ వేలు తెగేది. గాజుగుడ్డ ముక్క పెట్టి, దాని మీద అంటుపట్టీ అతికిస్తే కాసేపటికి ఊడిపోయేది. పైగా భర్త ఇంట్లో లేనప్పుడు ఒంటి చేత్తో కట్టుకోవడం ఆమెకు కుదిరేది కాదు. 1920లో డిక్సన్ పొడవైన అంటుపట్టీ పరిచి, మధ్యమధ్య చిన్న గాజుగుడ్డ ముక్కలు అమర్చి, జిగురు ఎండిపోకుండా పైన గరుకు బట్ట కప్పాడు. కావలసినప్పుడు జోసెఫీన్ ముక్క కత్తిరించి అతికించుకునేది. మరుసటి ఏడు అది బ్యాండ్-ఎయిడ్ పేరుతో బజారుకు వచ్చింది. పద్దెనిమిది అంగుళాల పొడవున చేత్తో చేసిన పట్టీ అది. మొదట్లో కొన్నవాళ్లు తక్కువ. 1924లో యంత్రాలు వచ్చి చిన్న ముక్కలుగా తయారయ్యాక, స్కౌటు పిల్లలకు ఉచితంగా పంచాక, అది ఇంటింటికీ చేరింది. జర్మనీలో హన్సాప్లాస్ట్ 1922లో వచ్చింది. గాయపడిన మనిషి తన గాయానికి తానే, ఒంటి చేత్తో చికిత్స చేసుకోగల వస్తువు పెట్టెలోకి రావడం అదే మొదలు. దీని విలువను వైద్య చరిత్రలు తక్కువగా లెక్కగట్టాయి.

పెట్టెలోని మందులది చేరికల కథ ఎంతో, తొలగింపుల కథ అంత. 1811లో బెర్నార్ కుర్త్వా కనిపెట్టిన అయోడిన్, టింక్చరుగా మారి తరతరాలుగా పిల్లలను ఏడిపించింది. క్రిములతో పాటు కణజాలాన్నీ కొంత కాల్చేది. 1910ల చివర జాన్స్ హాప్కిన్స్‌లో హ్యూ యంగ్ బృందం పరిచయం చేసిన మెర్క్యురోక్రోమ్ మంట పెట్టకపోవడంతో ఇళ్లలో అందరికీ ఇష్టమైంది. ఆ ఎర్ర మందులో పాదరసం ఉంది. అది సురక్షితమని ఇక ఒప్పుకోలేమని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1998లో తేల్చింది. 1950ల్లో వచ్చిన పొవిడోన్ అయోడిన్ మంట తగ్గించి ఇప్పటికీ నిలిచింది. అయినా చిన్న గాయానికి మొదటి మందు ధారగా పారే శుభ్రమైన నీళ్లూ సబ్బూ అని నేటి వైద్యం చెబుతోంది. కాలిన చోట టూత్‌పేస్టు, సిరా రాసే మన అలవాటుకు బదులుగా చెప్పేదీ నీళ్లే: వెంటనే చల్లని నీటి ధార కింద ఇరవై నిమిషాలు.

తొలగింపుల్లో భారతదేశానికి బాగా తెలియాల్సింది పాముకాటు సామగ్రి. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో లాడర్ బ్రంటన్ అనే వైద్యుడు ఒక చిన్న కొయ్య గొట్టం తయారు చేయించాడు. ఒక కొసన చిన్న కత్తి, మరో కొసన పొటాషియం పర్మాంగనేటు పలుకులు. కాటు చోట కోసి ఆ పలుకులు రుద్దాలన్నది ఆలోచన. జోసెఫ్ ఫేరర్, లియొనార్డ్ రోజర్స్‌లతో కలిసి బ్రంటన్ దీనిపై ప్రయోగ ఫలితాలు 1904లో ప్రకటించాడు. భారతదేశంలో వేల సంఖ్యలో పంచారు. విషం ఒంట్లోకి పాకడాన్ని అది ఆపలేదు, పైగా కండరాన్ని పాడుచేసింది. తర్వాతి తరం పెట్టెల్లో రబ్బరు గిన్నెల పీల్చే పరికరాలు వచ్చాయి, అవీ నిష్ప్రయోజనమని తేలింది. ఒక పెద్ద అధ్యయనం ప్రకారం 2000 నుంచి 2019 దాకా దేశంలో పాముకాటుతో పోయినవాళ్లు సుమారు 12 లక్షల మంది. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో తెలంగాణతో కలిపి లెక్కించిన ఆంధ్రప్రదేశ్ ఉంది. రాత్రి కరెంటు కోసం పొలానికి వెళ్లే రైతుకూ, అడవిలో గుడారం వేసుకునేవారికీ నేటి సలహా ఒకటే: కోయకూడదు, పీల్చకూడదు, తాడు బిగించకూడదు. ఉంగరాలు, కడియాలు తీసేసి, కాటు పడిన అవయవాన్ని విరిగిన ఎముకకు చేసినట్లు బద్దతో కదలకుండా కట్టి, విషం విరుగుడు మందున్న ఆసుపత్రికి వెంటనే చేర్చాలి. పాముకాటుకు నేటి పెట్టెలో పనికొచ్చేవి ఎస్మార్క్ గుడ్డా ఒక బద్దా మాత్రమే.

తెలుగు ఇళ్లలో మాత్రం పెట్టె స్థానాన్ని చాలాకాలం రెండు సీసాలు ఆక్రమించాయి. కృష్ణా జిల్లా నుంచి వెళ్లిన కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ మొదలుపెట్టారు. ఆ రాబడి తర్వాత ఆయన నడిపిన ఆంధ్రపత్రికకూ ఊపిరి పోసింది. 1920లో హైదరాబాదులో హకీం మొహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ జిందా తిలిస్మాత్ తెచ్చారు. తలనొప్పికీ జలుబుకూ ఒళ్లునొప్పులకూ అవి చేతికందే ఓదార్పు. గాయానికి, రక్తస్రావానికి, ఎముక విరుపుకు ఏ ఏర్పాటూ లేకపోవడం ఆ ఇళ్ల లోటు.

ఉపఖండం ఈ పెట్టెకు ఇచ్చిన గొప్ప కానుక ఓఆర్‌ఎస్ పొట్లం. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ కాందిశీకులతో కిక్కిరిసిన పశ్చిమ బెంగాల్ పట్టణం బొంగావ్‌లో కలరా విజృంభించింది. సెలైన్ సీసాలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, సోడా ఉప్పు తగిన పాళ్లలో కలిపించి, కొళాయిలున్న డ్రముల్లో పోయించి, రోగుల బంధువుల చేతే తాగించాడు. మూడోవంతు దగ్గరికి చేరిన మరణాల నిష్పత్తి నాలుగు శాతం లోపుకు దిగింది. 1978లో లాన్సెట్ పత్రిక ఈ చికిత్సను శతాబ్దంలోనే అతి ముఖ్యమైన వైద్య పురోగతి కావచ్చని శ్లాఘించింది. 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పాళ్లు సవరించింది: లీటరు నీటికి 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడు, 2.9 గ్రాముల సోడియం సిట్రేటు. మహలనబిస్ 2022లో కన్నుమూశారు. మరుసటి ఏడు దేశం ఆయనకు పద్మవిభూషణ్ ప్రకటించింది. అది ఆయన బతికుండగా రావలసిన గౌరవం.

చట్టం కూడా పెట్టెను గుర్తించింది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 45వ సెక్షను ప్రతి 150 మంది కార్మికులకు కనీసం ఒక పెట్టె ఉండాలని నిర్దేశించింది. అది ప్రథమ చికిత్స సర్టిఫికెట్టు ఉన్న వ్యక్తి బాధ్యతలో ఉండాలని, ఆ వ్యక్తి పనివేళల్లో అందుబాటులో ఉండాలని కూడా చెప్పింది. ఈ రెండో షరతు మొదటిదానికంటే విలువైనది. పెట్టె మీద ఎర్ర శిలువ గుర్తు వేయడం మాత్రం నియమవిరుద్ధం. దాన్ని యుద్ధకాల వైద్య సేవలకూ రెడ్‌క్రాస్ సంస్థలకూ కేటాయించారు, భారతదేశంలో 1960 నాటి జెనీవా ఒప్పందాల చట్టం దానికి రక్షణ కల్పిస్తోంది. ప్రథమ చికిత్సకు అంతర్జాతీయ గుర్తు ఆకుపచ్చ మీద తెల్ల శిలువ.

కొండలెక్కే, అడవుల్లో నడిచే జంటల సంచిలోకి వచ్చేసరికి పెట్టె మళ్లీ సైనికుడి పొట్లమంత చిన్నదైంది. ఇద్దరే వెళ్లినచోట ఒకరికి దెబ్బ తగిలితే రెండోవారే వైద్యుడు, రెండోవారే మోత కూలీ. అందుకే సామగ్రి వాడకం ఇద్దరికీ తెలిసి ఉండాలి, ఒకరి మందుల వివరాలు, పడని మందుల పేర్లు రెండోవారి దగ్గర ఉండాలి. 1980ల్లో ఎయిడ్స్ భయంతో చేరిన రబ్బరు చేతి తొడుగులు అందులో స్థిరపడ్డాయి. 1718లో ఫ్రెంచి శస్త్రవైద్యుడు జాన్ లూయి పెటి మర బిగింపుతో తయారు చేసిన టూర్నికెట్, అవయవాలు పోతాయన్న భయంతో చాలాకాలం పక్కనపడి, ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాల అనుభవంతో తిరిగి వచ్చింది. చేతి నుంచో కాలి నుంచో రక్తం ఆగకుండా చిమ్ముతూ, గట్టిగా అదిమి పట్టినా ఆగనప్పుడే దాన్ని బిగించాలి, బిగించిన సమయం రాసిపెట్టాలి. మన ఎండలకు కారులో వదిలేసిన పట్టీల జిగురు పోతుంది, ఓఆర్‌ఎస్ పొడి గడ్డకడుతుంది, మాత్రల గడువు దాటుతుంది. ప్రతి వేసవికి ముందు, ప్రతి ప్రయాణానికి ముందు పెట్టె తెరిచి పాతవి తీసి కొత్తవి సర్దాలి.