మూడు మ్రానుల నావ

భాగ్యనగరవాసులకు సముద్రము దూరము. పడవ పందెముల మాట వచ్చినపుడు మనకు గుర్తుకు వచ్చునది హుసేన్ సాగరము. 16వ శతాబ్దమున, ఇబ్రహీం కుతుబ్ షా ఏలుబడిలో నిర్మింపబడిన ఆ తటాకముపై నేడు తెరచాప పడవలు పోటీలు పడుచున్నవి. అయినను మహాసముద్రములను దాటు పందెములలో నేడు అన్నిటికంటె ముందు నిలుచు నావ పేరులో మన తీరమునకు చేరువైన మాట యొకటి దాగియున్నదని పెక్కుమంది యెరుగరు. ఆ నావ పేరు ట్రైమరాన్.

ఇందు "ట్రై" అనగా మూడు. "మరాన్" అనునది "కట్టుమరం" అను తమిళపదపు తుది భాగము. మరమనగా చెట్టు, మన "మ్రాను" ఆ మాటకు తోబుట్టువే. తేలిక దుంగలను త్రాళ్లతో కూర్చి కట్టి, అలల మీదికి నెట్టుకొనిపోవు ఈ సాధనమును మన జాలరులు తెప్ప యందురు. వేట ముగిసి ఒడ్డు చేరిన పిమ్మట కట్లు విప్పి దుంగలను ఇసుకపై ఆరవేయుదురు. 1690 ప్రాంతమున చెన్నపట్టణమునకు వచ్చిన ఆంగ్ల నావికుడు విలియం డాంపియర్ ఈ తీరపు తెప్పలను చూచి, 1697లో వెలువడిన తన యాత్రాగ్రంథమున వర్ణించెను. అట్లు యూరపు భాషలకు చేరిన "కాటమరాన్" అను పేరు, కాలక్రమమున రెండు పొట్టలుగల నావలకు స్థిరపడినది. 20వ శతాబ్ది నడుమ మూడు పొట్టల నావకు పేరు కావలసివచ్చినపుడు అదే మాటను మరల మలచిరి.

ఈ నావల సూత్రము సులభమైనది. ఒంటిపొట్ట ఓడ గాలికి ఒరిగిపోకుండ దాని అడుగున టన్నులకొలది సీసమును మోయవలెను. ట్రైమరాన్‌కు ఆ బరువుతో పనిలేదు. నడుమ ఒక పొట్ట, ఇరుప్రక్కల దూరముగా రెండు సన్నని పొట్టలు. ఆ వెడల్పే దానిని నిలబెట్టును. బరువు తక్కువ గనుక వేగమెక్కువ. అయితే ఒంటిపొట్ట ఓడ ఒరిగినను తిరిగి లేచును. ట్రైమరాన్ ఒకమారు తలక్రిందులైనచో తనంత తాను లేవనేరదు. కావున పాతకాలపు నావికులు వీనిని చాలకాలము నమ్మరైరి. 1876లో న్యూయార్కు పందెమున నథానియల్ హెర్రెషాఫ్ తన రెండు పొట్టల "అమరిల్లిస్"తో అందరిని ఓడింపగా, అటువంటి నావలను సాధారణ పందెములనుండి వెలివేసిరి.

ఆ అపనమ్మకమునకు తుది సమాధానము వంద సంవత్సరముల పిదప వచ్చినది. 1978 నవంబరు 5వ తేదీన ఫ్రాన్సులోని సెయింట్ మాలో రేవునుండి కరేబియన్ సముద్రములోని గ్వాదలూప్ దీవికి "రూట్ డ్యు రమ్" అను ఒంటరి నావికుల పందెము మొదటిమారు ప్రారంభమైనది. దూరము 3,500 నాటికల్ మైళ్లకు పైబడినది. నావ పరిమాణమునకు హద్దు లేదు. కెనడా దేశీయుడు మైక్ బర్చ్ "ఒలింపస్ ఫోటో" అను చిన్న పసుపుపచ్చ ట్రైమరాన్‌ను తెచ్చెను. అమెరికాలోని మెయిన్ రాష్ట్రమున వాల్టర్ గ్రీన్ దానిని చెక్కతోను, ఎపాక్సీ జిగురుతోను నిర్మించెను. పొడవు సుమారు 38 అడుగులు. దానికెదురుగా మిషెల్ మలినోవ్‌స్కీ నడిపిన "క్రీటెర్ 5" సుమారు 70 అడుగుల ఒంటిపొట్ట ఓడ.

ఇరువదిమూడు దినములు గడచినవి. గ్వాదలూప్ తీరమున మలినోవ్‌స్కీయే ముందుండెను. గమ్యము కంటికి కానవచ్చుచుండగా గాలి తగ్గినది. బరువైన ఓడ మందగించెను; తేలికయైన చెక్కనావ ఆ కొద్దిపాటి గాలినే అందుకొని ముందునకు జారిపోయెను. బర్చ్ గెలిచెను. తేడా 98 సెకండ్లు. ఆ పందెపు చరిత్రలో మొదటి రెండు నావల నడుమ ఇంత తక్కువ వ్యవధి మరల రాలేదు. 2018లో ప్రథమ, ద్వితీయ స్థానముల నడుమ ఏడు నిమిషములకు పైగా తేడా యుండెను.

ఆ ఉత్సవమునకు ఒక నీడ కూడ కలదు. అదే పందెమున అలెన్ కొలా అను ఫ్రెంచి నావికుడు "మనురేవా" అను అల్యూమినియం ట్రైమరాన్‌పై బయలుదేరెను. నవంబరు 16న రేడియోలో ఆయన కంఠము కడపటిసారి వినబడినది. ఆపైన నావయు నావికుడును కానరాలేదు. ఈ నావలు ఎంతటి వేగమునిచ్చునో అంతటి మూల్యమును అడుగగలవని ఆ మౌనము తెలిపినది.

ఇక ఆ చిన్న నావ వంశమునకు కలిగిన మలి జీవితము వినదగినది. ఒలింపస్ ఫోటోకు అదే నమూనాపై నిర్మింపబడిన తోబుట్టువులున్నవి. "అకాపెల్లా" అను దానిని పడవల నిర్మాత శార్లీ కాపెల్ చక్కజేసికొని పలుమార్లు అదే పందెమునకు కొనిపోయెను. "హ్యాపీ" అను మరియొకటి లోయిక్ పేరోన్ చేతికి వచ్చెను. 2014లో దానిపైననే పోవలెనని ఆయన సంకల్పించెను గాని, గాయపడిన మరియొక నావికుని స్థానమున వంద అడుగులకు మించిన "బాంక్ పోప్యులేర్ 7" నెక్కవలసివచ్చెను. 7 దినముల 15 గంటలలో పందెమును గెలిచెను. మహానౌకతో అంతటి విజయము పొందినవాడు, 2018లో పేరుకొరకు గాక, బర్చ్ మీది గౌరవముతో చిన్న హ్యాపీని ఎక్కి, సెక్స్‌టంటుతో సూర్యుని కొలుచుకొనుచు అట్లాంటిక్‌ను దాటెను. మైక్ బర్చ్ 2022 అక్టోబరులో, తొంబదియేండ్ల వయస్సున, మరియొక రూట్ డ్యు రమ్ ప్రారంభమగుటకు కొద్ది దినముల ముందు మరణించెను.

చెక్క ముదిరినచో చీలును, తడిసినచో చివుకును. అయినను నడుపువాడున్నంతకాలము పలక మార్చి, జిగురు పూసి దానిని బ్రతికింపవచ్చును. ఆ పసుపు నావలు అట్లే బ్రతికినవి. మన విశాఖ, శ్రీకాకుళ తీరములందు ఫైబరు పడవలు, మోటార్లు వచ్చిన పిదప కఱ్ఱతెప్పలు క్రమముగా తగ్గిపోయినవి. అలలలో జాలరి శ్రమను, ప్రాణభయమును తగ్గించిన మార్పును తప్పుపట్టుటకు మనకు హక్కు లేదు. కాని ఏ దుంగను ఏ దుంగ ప్రక్కన చేర్చవలెనో, ఏ ముడి ఏ అలకు నిలుచునో తెలిసిన చేతులు ముసలివగుచున్నవి. ప్రపంచమునకు ఒక పేరునిచ్చిన ఆ విద్యను, అది యెరిగిన పెద్దల నోటనే విని వ్రాసిపెట్టుకొనుటకు ఇంకను కొంత వ్యవధి యున్నది.