లినక్స్ డెస్క్‌టాప్‌లో స్క్రీన్ టేరింగ్, గ్రాఫిక్స్ మందగమనం

స్క్రీన్ టేరింగ్ అంటే కంప్యూటర్ తెర మీద ఒకే క్షణంలో రెండు వేర్వేరు ఫ్రేముల ముక్కలు కనిపించడం. పైన పాత బొమ్మ, కింద కొత్త బొమ్మ, రెంటికీ నడుమ అడ్డంగా ఒక తెగు. గ్రాఫిక్స్ మందగమనం వేరు. అక్కడ బొమ్మ తెగదు, ఆలస్యంగా వస్తుంది. విండోను లాగితే మౌస్ వెనక ఈడ్చుకుంటూ వస్తుంది, వీడియో ఆగి ఆగి నడుస్తుంది, ఫ్యాన్ హోరెత్తుతుంది. మొదటిదానికి కారణం వేళ కుదరకపోవడం, రెండోదానికి శక్తి చాలకపోవడం. లినక్స్ వాడేవారు పడే అవస్థల్లో చాలా భాగం ఈ రెంటినీ ఒకటే అనుకుని, ఒకదాని మందు మరోదానికి వేయడం వల్ల వచ్చేవే.

బొమ్మ ఎందుకు తెగుతుంది

మానిటర్ బొమ్మనంతా ఒక్కసారిగా మార్చదు. పై వరస నుంచి కింది వరస దాకా ఒక్కో వరసే చూపుకుంటూ దిగుతుంది. 60 హెర్ట్జ్ మానిటర్ ఈ పనిని సెకనుకు 60 సార్లు చేస్తుంది కాబట్టి ఒక్కో విడతకు సుమారు 16.7 మిల్లీసెకన్లు పడుతుంది. చూపాల్సిన బొమ్మ ఫ్రేమ్‌బఫర్ అనే మెమరీలో ఉంటుంది. విడత మొదలైన 8 మిల్లీసెకన్ల తర్వాత ఆ మెమరీలో బొమ్మ మారిపోతే, అప్పటికే తెరకెక్కిన పై సగం పాతదిగానూ మిగిలిన సగం కొత్తదిగానూ ఉండిపోతాయి. తెగు దాదాపు తెర మధ్యన పడుతుంది.

పాత పిక్చర్ ట్యూబ్ మానిటర్లలో ఎలక్ట్రాన్ పుంజం అడుగుకు చేరాక మళ్లీ పైకి రావడానికి కాస్త వ్యవధి కావాల్సి వచ్చేది. ట్యూబులు పోయాయి గానీ ఆ వ్యవధి ఎల్‌సీడీ సిగ్నళ్లలోనూ మిగిలింది. ఆ సందులోనే బొమ్మ మార్చడాన్ని వీ‌సింక్ అంటారు. ఒక బఫర్ తెర మీద ఉండగా రెండోదాన్ని చాటున గీసి, సందు దొరకగానే మార్చేస్తే టేరింగ్ ఉండదు.

సినిమా పాటలో కెమెరా పక్కకు తిరిగే షాట్ దీనికి మంచి పరీక్ష. 1920 పిక్సెళ్ల వెడల్పున్న తెర మీద దృశ్యం రెండు సెకన్లలో ఈ చివర నుంచి ఆ చివరకు జరిగిందనుకుందాం. సినిమా సెకనుకు 24 ఫ్రేములు, అంటే ఒక్కో ఫ్రేముకు 40 పిక్సెళ్ల జరుగు. టేరింగ్ పడితే కొబ్బరిచెట్టు మాను నడిమికి విరిగి, పై ముక్క 40 పిక్సెళ్లు పక్కకు తప్పుకున్నట్టు కనిపిస్తుంది. నిలువు గీతలున్న చోట ఇట్టే దొరికిపోయే ఈ లోపం ముఖం దగ్గరగా ఉన్న నిలకడ షాట్లలో అసలు కనిపించదు. టైపింగు, ఈమెయిళ్ల వరకే వాడేవారికి ఏళ్ల తరబడి ఇది తెలియకపోవడానికి కారణమదే.

టేరింగ్ అని పొరబడేది ఇంకొకటి ఉంది. 24 ఫ్రేముల సినిమాను 60 హెర్ట్జ్ తెర మీద చూపాలంటే ఒక ఫ్రేమును మూడు విడతలు, తర్వాతిదాన్ని రెండు విడతలు నిలపాలి. అంటే ఒకటి 50 మిల్లీసెకన్లు, మరొకటి 33. ఈ ఎగుడుదిగుడు వల్ల కెమెరా కదిలే షాట్లు కుదుపుగా అనిపిస్తాయి. ఇది లెక్కలోనే ఉన్న కుదుపు, లినక్స్‌దీ కాదు, డ్రైవర్‌దీ కాదు. మానిటర్ 48, 72 లేదా 120 హెర్ట్జ్‌కు మారగలిగితేనే పోతుంది.

ఎక్స్ నుంచి వేలాండ్ దాకా

లినక్స్ మీద ఈ సమస్య ఎక్కువగా వినిపించడానికి మూలం ఎక్స్ విండో సిస్టమ్ పుట్టుకలో ఉంది. 1984లో ఎంఐటీలో మొదలై, 1987లో పదకొండో రూపానికి వచ్చిన ఎక్స్, ప్రోగ్రాములు పంపే గీతలనూ అక్షరాలనూ నేరుగా తెర మీద గీసే పద్ధతిలో తయారైంది. ఫలానా క్షణంలో బొమ్మ పూర్తయిందని చెప్పే ఏర్పాటు అందులో లేదు. ఆ రోజుల వర్క్‌స్టేషన్లలో కదిలే వీడియో ప్రధానం కాదు కనుక ఎవరూ దాన్ని లోటనుకోలేదు.

2004 ప్రాంతంలో కాంపోజిట్ ఎక్స్‌టెన్షన్ వచ్చింది. దాంతో ప్రతి విండోనూ చాటు మెమరీలో గీయించి, కాంపోజిటర్ అనే ప్రోగ్రాం అన్నిటినీ కలిపి తెరకెక్కించడం సాధ్యమైంది. 2006లో వచ్చిన కంపిజ్ డెస్క్‌టాప్‌ను ఘనంలా తిప్పి చూపింది. ఆ ఘనం చూసి లినక్స్‌లోకి వచ్చినవాళ్లు తక్కువేమీ కాదు. టేరింగ్ మాత్రం కాంపోజిటర్ నుంచి కాంపోజిటర్‌కు, డ్రైవర్ నుంచి డ్రైవర్‌కు మారుతూ మిగిలిపోయింది. వేళ కుదర్చడం మీద దృష్టి పెట్టిన ప్రెజెంట్ ఎక్స్‌టెన్షన్ రావడానికి 2013 దాకా ఆగాల్సి వచ్చింది.

ఎక్స్‌కు అతుకులు వేయడం కంటే కొత్తది కట్టుకోవడమే నయమని క్రిస్టియన్ హోగ్స్‌బర్గ్ 2008లో వేలాండ్ మొదలుపెట్టారు. ప్రతి ఫ్రేమూ పూర్తయ్యాకే తెరకెక్కాలన్నది దాని మూలసూత్రం. 1.0 రూపం 2012లో వచ్చింది. ఫెడోరా 25 దాన్ని 2016లో డిఫాల్ట్ చేసింది. ఉబుంటు 17.10లో తెచ్చి, 18.04లో వెనక్కి తగ్గి, 21.04లో మళ్లీ తెచ్చింది. 2025లో రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 10 ఎక్స్ సర్వర్‌ను తీసేసింది, ఉబుంటు 25.10 గ్నోమ్ ఎక్స్ సెషన్‌ను ఆపేసింది. లినక్స్ మింట్‌లోని సినమన్ మాత్రం ఇప్పటికీ ప్రధానంగా ఎక్స్ మీదే నడుస్తుంది. కొత్త యంత్రంలో కూడా మింట్ వేసినవారికి టేరింగ్ ఎదురైతే ఆశ్చర్యపడాల్సింది లేదు.

మొదట చూడాల్సినవి రెండు

సెట్టింగులు ముట్టుకోక ముందు రెండు సంగతులు తేల్చుకోవాలి. నడుస్తున్న సెషన్ ఎక్సా, వేలాండా అన్నది ఒకటి. బొమ్మ గీస్తున్నది గ్రాఫిక్స్ చిప్పా, ప్రాసెసరా అన్నది రెండోది. గ్నోమ్ సెట్టింగ్స్‌లో అబౌట్ పేజీలోని సిస్టమ్ వివరాల్లో విండోయింగ్ సిస్టమ్ అన్న వరసలో మొదటిదానికి జవాబుంటుంది. కేడీఈ ప్లాస్మాలో ఇదే వివరం గ్రాఫిక్స్ ప్లాట్‌ఫామ్ అన్న పేరుతో ఉంటుంది.

రెండోదానికి టెర్మినల్‌లో జీఎల్‌ఎక్స్‌ఇన్‌ఫో నడిపి రెండరర్ వరస చదవాలి. అక్కడ ఇంటెల్, ఏఎండీ, ఎన్విడియా చిప్ పేరుంటే సరే. ఎల్‌ఎల్‌వీఎంపైప్ అని కనిపిస్తే గ్రాఫిక్స్ చిప్ ఊరికే కూర్చుంది, భారమంతా ప్రాసెసర్ మోస్తోందని అర్థం. ఎల్‌ఎల్‌వీఎంపైప్ అనేది మీసాలో భాగమైన సాఫ్ట్‌వేర్ రెండరర్. చిప్ అందుబాటులో లేనప్పుడు తెర నల్లబడకుండా ఆదుకుంటుంది. బ్రయన్ పాల్ 1993లో మొదలుపెట్టిన మీసా ఇప్పుడు లినక్స్ గ్రాఫిక్స్‌కు దాదాపు మొత్తం పునాది.

ఎల్‌ఎల్‌వీఎంపైప్ కనిపించే కేసుల్లో చాలా తరచుగా దొరికే దోషి నోమోడ్‌సెట్ అనే కెర్నల్ పారామీటర్. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు తెర నల్లగా ఉండిపోతే, ఎవరో చెప్పగా గ్రబ్ మెనూలో దాన్ని చేరుస్తారు. ఇన్‌స్టాల్ పూర్తవుతుంది, పారామీటర్ అక్కడే మరుగున పడుతుంది. అది ఉన్నంత కాలం కెర్నల్ గ్రాఫిక్స్ డ్రైవర్ పని మొదలుపెట్టదు. నెలల తర్వాత మందగమనం గురించి వాపోతూ ర్యామ్ కొంటారు. గ్రబ్ ఫైల్లోంచి ఆ ఒక్క మాట తీసేసి, గ్రబ్‌ను అప్‌డేట్ చేసి రీస్టార్ట్ చేస్తే ఖర్చు లేకుండా పోయే జబ్బది.

మరో కారణం ఫర్మ్‌వేర్ లేకపోవడం. ఏఎండీ చిప్‌లు ఫర్మ్‌వేర్ ఫైళ్లు లేకుండా సరిగా మొదలుకావు. డెబియన్ చాలా ఏళ్లు వాటిని అసలు ఇన్‌స్టాలర్‌లో ఇవ్వలేదు. 2023లో వచ్చిన డెబియన్ 12తో ఆ పట్టు సడలించింది.

చిప్‌ల వారీగా

ఎక్స్ సెషన్‌లో ఏఎండీది సులువైన దారి. డ్రైవర్‌లోనే టేర్‌ఫ్రీ అనే ఎంపిక ఉంది, ఎక్స్‌రాండర్‌తో నడుస్తుండగానే ఆన్ చేయవచ్చు. ఇంటెల్ పాత ఎక్స్ డ్రైవర్‌లోనూ టేర్‌ఫ్రీ ఉంది గానీ, ఆ డ్రైవర్ చివరి విడుదల 2014 నాటిది. ఇప్పటి పంపిణీలు దాని బదులు మోడ్‌సెట్టింగ్ అనే ఉమ్మడి డ్రైవర్ వాడతాయి. పాత సలహా నమ్మి పాత డ్రైవర్‌ను బలవంతంగా ఎక్కిస్తే కొత్త చిప్‌ల మీద టేరింగ్ పోయి తెరే పోవచ్చు.

ఎక్స్‌ఎఫ్‌సీఈ వాడేవారు విండో మేనేజర్ ట్వీక్స్‌లో కాంపోజిటర్ ఆన్‌లో ఉందో లేదో చూడాలి. 2019లో వచ్చిన 4.14 నుంచి దానిలోనే వీ‌సింక్ ఉంది. పికామ్ లాంటి విడి కాంపోజిటర్ అవసరం చాలామందికి తీరిపోయింది, రెంటినీ ఒకేసారి నడపకూడదు. సినమన్‌లో ఫుల్‌స్క్రీన్ విండోలకు కాంపోజిటింగ్ ఆపే ఎంపిక ఒకటుంది. విండోలో బాగానే ఉన్న వీడియో ఫుల్‌స్క్రీన్‌లో మాత్రమే తెగుతుంటే ముందు దాన్నే అనుమానించాలి.

ఎన్విడియాది పెద్ద కథ. 2012లో ఫిన్లాండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయంలో లైనస్ టోర్వాల్డ్స్ కెమెరాకు వేలు చూపించి మరీ తిట్టింది ఈ సంస్థనే. ఎక్స్ మీద దీని సొంత డ్రైవర్‌లో ఫోర్స్ ఫుల్ కాంపోజిషన్ పైప్‌లైన్ అనే ఎంపిక టిక్ చేస్తే టేరింగ్ దాదాపుగా పోతుంది. బదులుగా ఆటల వేగం కొంత తగ్గుతుంది, స్పందన కొద్దిగా ఆలస్యమవుతుంది. వేలాండ్ కోసం మిగతావారంతా ఎంచుకున్న జీబీఎం పద్ధతికి సంస్థ 2021లో 495 డ్రైవర్‌తో ఒప్పుకుంది. అయినా విండోలు మినుకుమనే లోపం ఉండేది. 2024లో 555 డ్రైవర్‌తో వచ్చిన ఎక్స్‌ప్లిసిట్ సింక్ దాన్ని చాలావరకు తీర్చింది. 470 డ్రైవర్ దగ్గరే ఆగిపోయిన కెప్లర్ కాలపు కార్డులకు జీబీఎం లేదు; ఆ డ్రైవర్‌తో నడిపేవారికి ఎక్స్ సెషనే దిక్కు.

స్వేచ్ఛా డ్రైవర్ నూవో వాడితే టేరింగ్ కంటే మందగమనం ఎదురవుతుంది. జీటీఎక్స్ 900 శ్రేణి నుంచి ఎన్విడియా తాను సంతకం చేసిన ఫర్మ్‌వేర్ లేనిదే చిప్ వేగం మార్చనివ్వలేదు. దాంతో ఆ కార్డులు బూట్ అయినప్పటి తక్కువ వేగంలోనే ఉండిపోతాయి. ట్యూరింగ్ తరం, ఆ తర్వాతి కార్డులకు 2024 జనవరిలో వచ్చిన కెర్నల్ 6.7 కొత్త దారి తెరిచింది.

ఇంజనీరింగ్ విద్యార్థులు కొనే గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో ప్రాసెసర్‌లోని చిన్న చిప్, విడిగా ఎన్విడియా చిప్ రెండూ ఉంటాయి. ఒకటి గీసిన బొమ్మను మరొకటి తెరకు పంపే చోట వేళ తప్పుతుంది. ఎక్స్ సర్వర్ 1.19 నుంచి దీనికి ప్రైమ్ సింక్రొనైజేషన్ ఉంది. అది పనిచేయాలంటే ఎన్విడియా డ్రైవర్ కెర్నల్ మాడ్యూల్‌లో మోడ్‌సెట్ విలువ 1గా ఉండాలి.

మందగమనానికి మామూలు కారణాలు

చిప్ సరిగానే గీస్తున్నా వీడియో తడబడుతుంటే డీకోడింగ్ వైపు చూడాలి. యూట్యూబ్ వీపీ9, ఏవీ1 రూపాల్లో వీడియో పంపుతుంది. ఇంటెల్ చిప్‌లలో వీపీ9ను పూర్తిగా చిప్‌లోనే విప్పడం ఏడో తరంతోనూ, ఏవీ1 పదకొండో తరంతోనూ మొదలైంది. నాలుగో తరం యంత్రంలో ఏవీ1 వీడియో పెడితే నాలుగు కోర్లూ పరుగెత్తుతాయి. బ్రౌజర్‌ను హెచ్.264కు పరిమితం చేసే ఎక్స్‌టెన్షన్ పెట్టుకోవడమే అక్కడ గట్టి మందు. ఫైర్‌ఫాక్స్ 2023లో 115తో ఇంటెల్ చిప్‌లపై హార్డ్‌వేర్ డీకోడింగ్‌ను డిఫాల్ట్ చేసింది. ఫెడోరా మాత్రం పేటెంట్ల భయంతో 2022లో హెచ్.264 సాయాన్ని మీసా నుంచి తీసేసింది. దాన్ని ఆర్‌పీఎం ఫ్యూజన్ నుంచి విడిగా వేసుకోవాలి.

ప్రాసెసర్‌లోని చిప్‌కు సొంత మెమరీ ఉండదు, ర్యామ్‌లోనే వాటా పంచుకుంటుంది. డీడీఆర్4 2400 ర్యామ్ ఒకే స్టిక్ ఉంటే సెకనుకు 19.2 గిగాబైట్లు, రెండుంటే 38.4. ఎనిమిది జీబీ స్టిక్ ఒక్కటి పెట్టి అమ్మే ల్యాప్‌టాప్‌లో రెండోది చేరిస్తే గ్రాఫిక్స్‌కు దక్కే లాభం పరిమాణం కంటే ఈ వెడల్పు వల్లే ఎక్కువ. 4కే మానిటర్ మీద మౌస్ బాణం కూడా ఈడుస్తోందంటే కేబుల్ చూడాలి. హెచ్‌డీఎంఐ 1.4 దారిలో 4కే 30 హెర్ట్జ్‌కు మించదు.

తెలుగు ఫాంట్లు వేశాక యంత్రం నెమ్మదించిందన్న మాట అప్పుడప్పుడు వినబడుతుంది. ఒత్తులు, గుణింతాలు కుదర్చడం లినక్స్‌లో హార్ఫ్‌బజ్ చేసే పని; ఒకసారి గీసిన అక్షరాలు క్యాష్‌లో ఉంటాయి. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ఫోన్లను కూలదోసిన మాట నిజమే గానీ, ఆ లోపం ఆపిల్ సొంత టెక్స్ట్ ఇంజన్‌ది. హైదరాబాద్ స్వేచ్ఛ సంస్థ తెలుగులో రూపొందించిన లినక్స్ పంపిణీ గానీ, తెలుగుతో సహా భారతీయ భాషలతో వచ్చే సీడాక్ వారి బాస్ గానీ వేసుకున్నవారు మందగమనానికి భాషను తప్పుపట్టనక్కర్లేదు.

వేడిని మాత్రం తప్పుపట్టవచ్చు. జంషెడ్‌పూర్‌లో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అక్కడి సాక్చి బజారు వీధుల దుమ్ముకు కిటికీ తెరిచి ఉంచిన గదిలో కంప్యూటర్ ఫ్యాన్ రెక్కలు, హీట్‌సింక్ సందులు త్వరగా పూడుకుపోతాయి. ప్రాసెసర్ నూరు డిగ్రీలకు దగ్గరైతే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. అదే ప్యాకేజీలో ఉన్న గ్రాఫిక్స్ చిప్ కూడా నెమ్మదిస్తుంది. అక్కడి ఉక్కు కర్మాగారంలో పనికి వచ్చి తరాలుగా స్థిరపడిన తెలుగువారి ఇళ్లయినా, బెజవాడ ఎండలో ఇళ్లయినా దీనికి ఒకటే పరీక్ష: పొద్దున బాగుండి మధ్యాహ్నం మందగిస్తే సెన్సర్స్ కమాండ్‌తో డిగ్రీలు చూడాలి. డ్రైవర్ మార్చే ముందు బ్రష్‌తో దుమ్ము దులపాలి, పాత థర్మల్ పేస్ట్ మార్చాలి. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీదకు మారినప్పుడే నెమ్మదిస్తే పవర్ సేవర్ ప్రొఫైల్ ఆన్‌లో ఉందేమో చూడాలి.

లోపాన్ని నివేదించడం

టేరింగ్ స్క్రీన్‌షాట్‌లో పడదు. స్క్రీన్‌షాట్ మెమరీలోని పూర్తి బొమ్మను నకలు చేస్తుంది, తెగు పడేది మానిటర్‌కు వెళ్లే దారిలో. కాబట్టి ఫోన్‌తో తెరను స్లోమోషన్‌లో వీడియో తీయండి. ఎవరినైనా సాయం అడిగేటప్పుడు దానితోపాటు కెర్నల్ వెర్షన్, మీసా లేదా ఎన్విడియా డ్రైవర్ వెర్షన్, సెషన్ రకం, రెండరర్ వరస రాయండి. అంతకంటే ముందు, ఎప్పుడో ఎక్కడో చూసి ఎక్స్ఆర్గ్ కాన్ఫ్ ఫోల్డర్‌లో పెట్టిన ఫైళ్లేవైనా ఉంటే తీసి పక్కన పెట్టి ఒకసారి రీస్టార్ట్ చేయండి.