లేఖకుల వరుస

మా మేనల్లుడు మొన్న సంక్రాంతికి వచ్చినపుడు సంచిలోంచి ఒక పాత అరచేతి కంప్యూటరు తీశాడు. కాంపాక్ సంస్థ 2000లో విడుదల చేసిన ఐప్యాక్ 3600. మీట నొక్కగానే చిన్న తెర మీద అక్షరాల వరుసలు పైకి పాకాయి. అది లినక్స్ మేలుకోవడం అన్నాడు. మొదటి వరుసలోనే 2.4.18 అన్న అంకెలూ, వాటి పక్కన ‘ఆర్.ఎం.కె.’ అన్న పొడి అక్షరాలూ కనిపించాయి. అవేమిటని అడిగాను. రస్సెల్ కింగ్ అనే ఆయన పేరు అన్నాడు. ఆర్మ్ జాతి చిప్‌ల మీద నడిచేలా లినక్స్‌ను సవరించి రాసినవాడట.

తాళపత్ర గ్రంథం చివర లేఖకుడు తన పేరు, సంవత్సరం చెక్కి, తప్పులుంటే మన్నించమని వేడుకునే సంప్రదాయం నాకు చటుక్కున జ్ఞాపకం వచ్చింది. సాహిత్య పత్రికలో యంత్రాల గొడవ ఎందుకని అడగబోయే మిత్రులకు నా జవాబు ఇదే. పాఠం ఎవరిది, దాన్ని తిరగరాసి బతికించే శ్రమ ఎవరిది అన్న ప్రశ్న మన పరిధిలోనిదే.

కెర్నల్ అనేది యంత్రానికీ మిగిలిన ప్రోగ్రాములకూ నడుమ నిలిచే మూలభాగం. లినస్ టోర్వాల్డ్స్ 1991లో హెల్సింకీలో విద్యార్థిగా ఉంటూ దీన్ని రాశాడు. మరుసటి ఏడాది దాన్ని గ్నూ లైసెన్సు కిందికి తెచ్చాడు. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రకటించిన గ్నూ ఉద్యమం నుంచి పుట్టిన ఆ లైసెన్సు షరతు విచిత్రమైనది. ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు. మార్చినదాన్ని పంచిపెడితే మాత్రం మూలపాఠాన్నీ ఇచ్చి తీరాలి. యాజమాన్య చట్టాన్నే యాజమాన్యం మీదికి తిప్పిన ఎత్తు ఇది.

ఆనాటి అరచేతి కంప్యూటర్ల తీరు దీనికి పూర్తిగా విరుద్ధం. ఐప్యాక్‌తో పాటు వచ్చిన మైక్రోసాఫ్ట్ వ్యవస్థ మూలపాఠం కొన్నవాడి చేతికి అందేది కాదు. కొన్నవాడు రాసుకున్నవన్నీ విద్యుత్తు ఉన్నంతసేపే నిలిచే జ్ఞాపకంలో ఉండేవి. బ్యాటరీ పూర్తిగా అడుగంటితే అన్నీ మాయం. వస్తువు మనది, దాని ప్రాణం మాత్రం కంపెనీది.

మొదటి ప్రయత్నం పామ్‌పైలట్ మీద 1998లో జరిగింది. ఒక ప్రోగ్రాము మరొకదాని చోటులోకి చొరబడకుండా కాపలా కాసే భాగం దాని చిప్‌లో లేనే లేదు. లినక్స్ ఆ కాపలాను నమ్ముకుని కట్టినది. ఆ నమ్మకాన్నే తీసివేసి తిరిగి రాయవలసి వచ్చింది. యుసిలినక్స్ అలా పుట్టింది. దీన్ని నకలు రాయడం అనడానికి నాకు మనసొప్పదు. ఛందస్సు మార్చి కావ్యం తిరిగి రాయడం లాంటిది.

ఐప్యాక్ కథలోని వైరుధ్యం ఇంకా ఆసక్తికరం. ఒకవైపు కాంపాక్ మైక్రోసాఫ్ట్ వ్యవస్థతో సరుకు అమ్ముతూనే ఉంది. మరోవైపు మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జిలో ఉన్న దాని సొంత పరిశోధనశాల ఇంజనీర్లే ఆ సరుకు మీద లినక్స్ నడిపి, ఆ పాఠాన్ని లోకానికి పంచారు. దాని చుట్టూ చేరిన స్వచ్ఛంద కార్యకర్తలు ‘ఫెమిలియర్’ అనే కూర్పును తీర్చిదిద్దారు. 206 మెగాహెర్ట్జ్‌ల చిప్, 16 మెగాబైట్ల శాశ్వత జ్ఞాపకం: అంతలోనే అంతా సర్దాలి. యంత్రాన్ని తొలుత మేల్కొలిపే ప్రోగ్రామును చెరిపి కొత్తది రాసే ఆ కొద్ది క్షణాల్లో కరెంటు పోయిందా, ఇక పెట్టె విప్పి లోపల తీగలు తగిలిస్తే తప్ప అది లేవదు. కాబట్టి ఇదంతా సరదాకి చేసిన పని అనేవారితో నేను ఏకీభవించను. అయితే ఆ ఇంజనీర్లకు జీతమిచ్చింది కంపెనీయే. అందుకని దీన్ని కేవలం ప్రజల సృష్టిగా కీర్తించడమూ తొందరపాటే.

అదే కుటుంబపు చిప్ మీద, అదే కెర్నల్‌తో బెంగళూరులో మరో ప్రయత్నం జరిగింది. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ అధ్యాపకులు, ఎన్‌కోర్ సంస్థ ఇంజనీర్లు కలిసి రూపొందించిన సింప్యూటర్ అది. చదువు రానివారికి భారతీయ భాషల్లో చదివి వినిపించాలి. తలా ఒక స్మార్ట్ కార్డు ఉంటే ఊరంతా ఒకే యంత్రాన్ని పంచుకోవాలి. ఇదీ ఆలోచన. 2004లో అమిడా పేరుతో భారత్ ఎలక్ట్రానిక్స్ తయారీగా అది బజారుకు వచ్చింది. ఆశించినంతగా అమ్ముడుపోలేదు. తర్వాత ఊళ్లకు చేరింది సెల్‌ఫోనే. కెర్నల్ కోసం ఎవరి అనుమతీ అడగనక్కరలేదు, నిజమే. కానీ యంత్రం కొనే చేతులు కావాలిగదా! పాఠం స్వేచ్ఛగా ఉన్నంత మాత్రాన పాఠకుడు పుట్టుకురాడు. ఈ సంగతి మన పుస్తకాల అటక చూసుకునే రచయితలకు ఎవరూ చెప్పనక్కరలేదు.

ఇక లేఖకుల మాట. కెర్నల్ నిలిచి ఉండే గ్రంథం కాదు. లోపలి పద్ధతులు మారినప్పుడల్లా ప్రతి పాత యంత్రానికి సంబంధించిన పుటలనూ ఎవరో ఒకరు సవరించాలి. సవరించినవారు పరీక్షించి చూడాలి. పరీక్షించడానికి ఆ యంత్రం ఎవరి దగ్గరైనా ఉండాలి. 2023లో వెలువడిన 6.3 కూర్పులో ఈ స్ట్రాంగ్‌ఆర్మ్ జాతి పుటలు చాలావరకు తొలగించారు. వాడేవారెవరూ కనబడలేదన్నది కారణం. మిగిలినవి నాలుగు: ఇంటెల్ ప్రయోగ ఫలకం అసాబెట్, షార్ప్ జారస్ 5500, హెచ్.పి. జోర్నాడా 720, ఐప్యాక్ 3600. ఒక్కొక్కదానికీ ఒక్కొక్క మనిషి మిగిలి ఉన్నందుకు వాటిని ఉంచారు.

లక్షల వరుసల పాఠంలో కొన్ని పుటలు ఒక మనిషి కోసం నిలిచాయి. ఆ ఒక్కడివి నువ్వేనా అని మా వాణ్ణి అడిగాను. కాదన్నాడు. వాడి దగ్గరున్నది ఎప్పటిదో పాత కెర్నల్. కొత్తది ఎక్కించే ధైర్యం చేయలేదట. ఆ ఒక్కరెవరో వాడికీ తెలియదు.