పేరు చెరిగిన ప్రాసెసర్లు

గద్వాల, వనపర్తి సంస్థానములు ఒకప్పుడు తమ స్వంత టంకశాలలలో రూపాయలు వేయించినవి. గద్వాల నాణెము సంస్థానపు పొలిమేర దాటి రాయచూరు ప్రాంతమునను చెల్లినది. వనపర్తి వారి టంకశాలకు సుగూరు పేరు. సాలార్‌జంగు దివానుగా నున్న కాలమున (1853-1883) హైదరాబాదు టంకశాలకు ప్రాధాన్యము పెరిగి, ఇట్టి చిన్న టంకశాలల కాలము తీరినది.

ఈ నాణెములను పరిశీలించువారికి ఒక చిక్కు కలదు. ఆనాటి అచ్చు పెద్దది; బిళ్ల చిన్నది. సమ్మెటతో కొట్టినపుడు అచ్చులోని అక్షరములలో కొంత భాగమే బిళ్లమీద పడును. టంకశాల పేరు తరచుగా అంచు వెలుపలనే నిలిచిపోవును. అయినను పరిశోధకుడు నిరాశపడడు. తూకము చూచును, వెండి వన్నె చూచును, మిగిలిన అక్షరముల వంపులను, పూల గుర్తులను చూచును. అన్నింటికంటె ముఖ్యముగా అది ఏ ఊరిలో, ఏ నాణెములతో కలిసి దొరికినదో విచారించును. పేరు లేనంత మాత్రమున నాణెమునకు పుట్టిల్లు లేదనరాదు గదా!

సరిగా ఇదే చిక్కు మన కాలపు వస్తువొకదానికి వచ్చినది. అది పాత సర్వరు ప్రాసెసరు. అనేక కంప్యూటర్లకు ఏకకాలమున సమాచారము అందించు పెద్ద కంప్యూటరును సర్వరు అందురు. దానిలో లెక్కలన్నియు చేయు సిలికాను చిప్పు ప్రాసెసరు. లోకమున నాణెములను, తపాలా బిళ్లలను కూర్చుకొనువారు ఉన్నట్లే, ఈ చిప్పులను కూర్చుకొనువారును కలరు. వారి చేతికి వచ్చు చిప్పులలో కొన్నింటిపై ఏ పేరును, ఏ అంకెయు ఉండదు.

ఇట్లగుటకు కారణములు పలు విధములు. చిప్పుపై వేడిని లాగు లోహపు దిమ్మెను అమర్చుటకు మధ్య ఒక లేపనము పూయుదురు. ఏండ్ల తరబడి ఎండిన ఆ లేపనమును గీకి తుడుచునపుడు సిరాతో అచ్చు వేసిన అక్షరములును పోవును. కొన్ని చిప్పులు అమ్మకమునకు ముందే, పరీక్ష నిమిత్తము యంత్ర నిర్మాతలకు ఇచ్చిన మచ్చులు. వాటిపై పూర్తి ముద్ర ఉండకపోవచ్చును. మరికొన్నింటిలో పనిచేయు సిలికానే ఉండదు. అమరిక సరిపోవునో లేదో చూచుటకు మాత్రమే అవి చేయబడినవి. ఇక నాల్గవ కారణము మోసము. తక్కువ వేగపు చిప్పుపై ముద్రను అరగదీసి ఎక్కువ వేగపు అంకె వేసి అమ్ముట 1990 దశకమున పలు దేశములలో జరిగినదే.

రేడియో వాల్వులను ఎరిగినవారికి ఈ గుర్తింపు పద్ధతి కొత్త కాదు. గాజుపై అంకె చెరిగినను, అనుభవముగల మరమ్మతుదారు అడుగున పిన్నులను లెక్కించి, లోపలి పలకల కూర్పును చూచి వాల్వు జాతిని చెప్పగలడు. ప్రాసెసరు విషయమునను మొదటి సాక్షులు పిన్నులే. 1971లో వెలువడిన ఇంటెల్ 4004కు 16 పిన్నులు మాత్రమే. 1995లో అదే సంస్థ సర్వర్ల కొరకు తెచ్చిన పెంటియం ప్రోకు 387 పిన్నులు. అవియు ఒకే తీరున లేవు. ఒక సగమున పలుచగా, రెండవ సగమున వత్తుగా నిలిచియుండును. పింగాణి దేహము, పైన బంగారు పూత పలక, అరచేతిలో సగము నిండు వెడల్పు చూచినచో, అక్షరము లేకున్నను అది పెంటియం ప్రో అని చెప్పవచ్చును. డిజిటల్ ఎక్విప్‌మెంట్ సంస్థ 1992లో తెచ్చిన ఆల్ఫా 21064కు 431 పిన్నులు. వేడి దిమ్మెను బిగించుటకు దాని నడినెత్తిన మరలు గల రెండు కడ్డీలు నిలిచియుండును. ఆ కడ్డీలే దాని చిరునామా.

కాని పిన్నుల లెక్క ఒక్కటే చాలదు. ఏ.ఎం.డి. సంస్థ 2003లో తెచ్చిన ఆప్టెరాన్ సర్వరు ప్రాసెసరుకు 940 పిన్నులు. అదే సంస్థ 2006లో ఇండ్లలోని కంప్యూటర్లకు తెచ్చిన ఏ.ఎం.2 జాతికిని 940 పిన్నులే. సంఖ్య ఒకటియైనను అమరిక వేరు. దానిని దీనిలో అమర్చరాదు. ఒకే తూకము గల రెండు రూపాయలు రెండు టంకశాలలవి అయినట్లే ఇదియు. కనుక లెక్కించిన పిదప ఖాళీగా విడిచిన మూలలను, పిన్నుల వరుసలను చిత్రములతో పోల్చి చూడవలెను.

రూపమును బట్టి జాతి తేలిన పిదప, తగిన పాత యంత్రము దొరికినచో చిప్పును దానిలో అమర్చి చిప్పునే అడుగవచ్చును. 1990 దశకము నుండి ఇంటెల్, ఏ.ఎం.డి. ప్రాసెసర్లలో సి.పి.యు.ఐ.డి. అను ఆదేశము కలదు. ఆ ఆదేశము అందగానే చిప్పు తన వంశమును, నమూనాను, ఎన్నవ సవరణలో పుట్టినదో ఆ అంకెను తెలుపును. ముద్రను అరగదీసిన మోసగాడు ఈ సమాధానమును సులభముగా మార్చలేడు. అయితే దీనికిని హద్దు కలదు. పెంటియం ప్రో 150 మొదలు 200 మెగాహెర్ట్జు వరకు పలు వేగములలో అమ్ముడుపోయినది. నిర్మాత ఏ వేగమునకు హామీ ఇచ్చెనో ఆ ముద్రయే చెప్పును. వేగమును యంత్రపు పలకపై అమర్చుకొందురు గనుక చిప్పు ఆ సంగతి చెప్పదు. ముద్ర పోయిన చోట ఆ గడి ఖాళీగా ఉంచుటయే నిజాయితీ.

ఇంత శ్రమ ఎందులకని అడుగువారు ఉందురు. అమెరికాలోని శాండియా ప్రయోగశాల కొరకు నిర్మించిన ఆస్కీ రెడ్ అను మహాయంత్రము 1996 డిసెంబరులో సెకనుకు లక్ష కోట్ల గణనల మేరను దాటినది. లోకమున అట్లు దాటిన మొదటి యంత్రమది. దానిలో పనిచేసినవి వేలకొలది పెంటియం ప్రో చిప్పులే. ఆ జాతి చిప్పును నేడు తుక్కు వ్యాపారి కోరునది చరిత్ర కొరకు కాదు, దానిపై గల బంగారము కొరకు. ద్రవరాజములో బంగారము కరగి వేరుపడును; చిప్పు మాత్రము తిరిగి రాదు. పేరు చెరిగిన చిప్పునకు ఈ గతి మరింత త్వరగా పట్టును. ఏమిటో తెలియని వస్తువును దాచుకొనువారు అరుదు గదా. వెండి ధర కొరకు కరగించిన సంస్థానపు రూపాయలకును ఇదే గతి పట్టినది.

ఇది దూరదేశపు ముచ్చట మాత్రమే కాదు. హైదరాబాదులో 1967లో వెలసిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ రెండేండ్లలోనే టి.డి.సి. 12 అను కంప్యూటరును నిర్మించినది. 1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కార్డ్ పథకము క్రింద దస్తావేజుల రిజిస్ట్రేషనును కంప్యూటర్లకు ఎక్కించుట ఆరంభించినది. అప్పుడు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మహబూబ్‌నగర్ జిల్లాలోని పట్టణములు. 2016 అక్టోబరు 11న మూడును జిల్లా కేంద్రములైనవి. రాష్ట్రమున దస్తావేజులు రిజిస్టరు పుస్తకము నుండి యంత్రమునకు మారిన ఆ ఘట్టమునకు కాగితములు సాక్ష్యము చెప్పగలవు; యంత్రములును చెప్పగలవు. యంత్రము తుక్కు బండి ఎక్కిన నాడు రెండవ సాక్షి పోవును.

భూమిలో దొరికిన పది రూపాయలకు మించిన నిక్షేపమును కలెక్టరుకు తెలుపవలెనని 1878 నాటి చట్టము శాసించుచున్నది. పాత కంప్యూటర్లకు అట్టి చట్టము లేదు. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న ఎలక్ట్రానిక్ వ్యర్థముల నిబంధనలు విషము నేలకు, నీటికి చేరకుండ కాపాడును; చరిత్రను కాపాడుట వాటి పని కాదు. ఆ పని మనదే.

కనుక పాత యంత్రమును పారవేయుటకు ముందు ఒక చిన్న కాగితముపై నాలుగు మాటలు వ్రాయవలెను: అది ఏ ఊరిలో, ఏ పని చేసినది, ఏ సంవత్సరమున కొన్నది, ఎప్పుడు మానినది. చిప్పును విడదీసినచో ఆ కాగితమును దానితోనే ఉంచవలెను. పిన్నులు వంగకుండ మెత్తని స్పాంజిలో గ్రుచ్చవలెను. మెరుగు కొరకు తోమరాదు. తోమినచో మిగిలిన ఒకటి రెండు అక్షరములును పోవును. పిన్నులు, పింగాణి, సిలికాను ఎన్నడైనను తమ జాతిని తామే చెప్పగలవు. కాని ఏ ఊరిలో, ఎవరి లెక్కలు చేసినవో ఆ సంగతి ఏ ఆదేశమునకును చిప్పు చెప్పలేదు. అది మనము వ్రాసి పెట్టిననే మిగులును.